మూడు వేల రెండొందలే కదా అని వదిలేద్దామా?

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కౌలు కార్డులు, కాలువ నీళ్లు మాట్లాడుకునే చోట ఫోన్లో కొన్న సామాను గొడవ ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాం. నిరుడు మన సభ్యుడొకాయన వచ్చి స్ప్రేయర్ డబ్బులు పోయాయంటే నవ్వి, టీ తాగించి పంపించాం. అది మా తప్పు.

జరిగింది ఇదీ. మిరపకు తామర పురుగు పట్టింది. బజార్లో 4,500 చెప్పిన బ్యాటరీ స్ప్రేయర్ ఫోన్లో 3,200కే కనపడింది. కొడుకు చేత ఆర్డర్ పెట్టించి డబ్బు ముందే కట్టాడు. వచ్చిన మిషనుకు ప్రెషర్ రాదు. మూడో రోజే రిటర్న్ పెట్టాడు. తీసుకెళ్లాల్సిన కుర్రాడు ఊళ్లోకే రాలేదు. ‘వచ్చాం, మీరు ఇంట్లో లేరు’ అని మెసేజ్ మాత్రం రెండుసార్లు వచ్చింది. ఏడు రోజులు దాటాక గడువు అయిపోయింది, ఇక తీసుకోం అన్నారు. ఈలోగా పక్కవాళ్ల స్ప్రేయర్ ఖాళీ అయ్యేదాకా ఆగి మందు కొట్టుకున్నాడు. పురుగు ఆగుతుందా?

అక్కడితో అయినా బాగుండేది. కంపెనీ నంబరు కోసం నెట్‌లో వెతికాడు. దొరికింది దొంగ నంబరు. రీఫండ్ వేస్తామని ఏదో యాప్ వేయించి, ఓటీపీ చెప్పించుకుని, కూలీలకు ఉంచిన 18,000 లాగేశారు. ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి రెండు రోజులు దాచాడు. 1930కి ఫోన్ చేసేసరికి ఆలస్యమైపోయింది. ఆ 18,000 ఇంతవరకు రాలేదు. మోసం తెలిసిన నిమిషంలోనే ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారకముందే ఆపే వీలుంటుంది. సిగ్గు తర్వాత పడొచ్చు. కంపెనీ నంబరు కావాలంటే ఆ యాప్ లోపలే చూడండి, బయట వెతకొద్దు.

స్ప్రేయర్ డబ్బు మాత్రం వచ్చింది. రెండోసారి ఆయన వచ్చినప్పుడు మేం కూర్చుని 1915కి ఫోన్ చేశాం. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. బిల్లు, రిటర్న్ పెట్టిన తేదీ, ఆ రెండు అబద్ధపు మెసేజ్‌ల ఫొటోలు ఇచ్చాం. మూడు వారాలకు 3,200 ఖాతాలో పడింది.

2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు ఏమంటున్నాయో వినండి. ఫిర్యాదు అందినట్టు కంపెనీ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో తేల్చాలి. వస్తువు చెడిపోయినదైనా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనని, డబ్బివ్వనని అనడానికి లేదు. వాళ్లు రాసుకున్న ఏడు రోజుల గడువు చూపించి మన నోరు మూయించలేరు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ మహానగరంలో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. కొన్న వస్తువుకు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. గడువు రెండేళ్లు.

‘మీరు వ్యవసాయానికి కొన్నారు, అది వ్యాపారం, మీరు వినియోగదారులు కారు’ అని కొందరు వాదిస్తారు. దీనికి జవాబు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే సంపాదించి పెట్టారు. నాసిరకం విత్తనాల మీద వాళ్లు పోరాడితే, జాతీయ విత్తన సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మధుసూదన్ రెడ్డి కేసు అంటారు దాన్ని. 2012లో తీర్పు రైతుల పక్షానే వచ్చింది. బతుకుదెరువు కోసం సాగు చేసుకునే రైతు వినియోగదారుడే. స్ప్రేయరైనా, మోటారైనా, డ్రిప్ పైపులైనా ఇదే మాట చెప్పండి.

అయితే ఉన్నమాట దాచడం ఎందుకు? మూడు నెలల్లో తీర్పు ఇవ్వాలని చట్టంలో ఉంది, కానీ చాలా కేసులు అంతకు మించి నడుస్తాయి. కొత్త జిల్లాలు పుట్టాయిగానీ చాలాచోట్ల కమిషన్ ఇంకా పాత జిల్లా కేంద్రంలోనే ఉంది. ఒక వాయిదాకు బస్సు ఖర్చు, ఒక రోజు కూలి పోతుంది. ఈ-జాగృతిలో ఫోన్ మీద కేసు వేయొచ్చంటారు, ఆ పేజీలు నింపడం మాకే కష్టమైంది. ప్రతి జిల్లాకూ కమిషన్ కావాలని ఈసారి వినతిపత్రంలో పెడదాం.

మనం చేయాల్సిన పనీ ఉంది. పార్సిల్ విప్పేటప్పుడు ఇంట్లో పిల్లలతో వీడియో తీయించండి, పెట్టె మీది చీటీ కనపడేలా. బిల్లు దింపుకుని దాచండి. ఫోన్లో మాట్లాడినా, అదే సంగతి యాప్‌లో రాతపూర్వకంగా పెట్టండి. ఫిర్యాదు నంబరు పుస్తకంలో రాసుకోండి. డబ్బు తిరిగొచ్చేదాకా మిషను బాగు చేయించకండి, పెట్టె పారేయకండి. మన స్ప్రేయరాయన పెట్టెను అప్పటికే పొయ్యిలో పెట్టేశాడు. దాని మీది చీటీ చూపించమని కంపెనీవాళ్లు అడిగినప్పుడు మాకు ముచ్చెమటలు పట్టాయి. అదృష్టం, కొడుకు ఫోన్లో దాని ఫొటో ఒకటి మిగిలింది.

ఇలా ఇరుక్కున్నవాళ్లు ఎవరున్నా వచ్చే ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు రండి. ఫోన్, బిల్లు, ఉంటే పెట్టె తెచ్చుకోండి. ఈసారి టీ తాగించి పంపించెయ్యం.