వ్రాతకు వెఱవవలదు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండినవి. ఈ కాలములో ఎవరెవరు ఏయే పుస్తకము కొనిపోయిరో, ఎన్నడు తిరిగి తెచ్చిరో అంతయు పద్దులో వ్రాసియున్నది. లెక్కలు వ్రాసి జీవించువాడను గనుక అట్టి పద్దును చూచినప్పుడు నాకు సంతోషము కలుగును. కాని ఈ సంచికకు వ్యాసములు కోరినప్పుడు ఒక వింత కనబడినది. రచ్చబండపై కూర్చుండి రెండు గంటలు ధారాళముగా మాటలాడువారు సైతము, కాగితమును చూడగానే "అయ్యా, వ్రాయుట నా చేత కాదు" అనిరి. వారందఱును చదువు వచ్చినవారే. వారిని ఆపినది చేతకానితనము కాదు, భయము. ఆ భయమును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. నేను పాఠశాలలో కావ్యములు చదివినవాడను కాను. ఇచ్చటి బీరువాలలోని గ్రంథములే నాకు గురువులు. కావున తప్పులున్నచో పెద్దలు దిద్దుకొందురుగాక.

ఈ భయము మన గ్రామమున పుట్టినది కాదు. తెలుగు భారతమంత పాతది. పదునొకండవ శతాబ్దమున నన్నయభట్టు భారతమును తెలుగు చేయ మొదలిడి అరణ్యపర్వము నడుమ ఆగిపోయెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు వ్రాసెను గాని, మిగిలిన ఆ అరణ్యపర్వ భాగమును ముట్టలేదు. ముట్టినచో కీడు మూడునని వెఱచెనని లోకములో ఒక ప్రతీతి కలదు. ప్రతీతి ఎట్లున్నను, ఆ ఖాళీ మాత్రము నిజము. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱాప్రగడ వచ్చి దానిని పూరించెను. ఎట్లు పూరించెను? తన పేరును ముందు నిలుపుకొనలేదు. నన్నయకు ప్రభువైన రాజరాజనరేంద్రుని పేరనే, నన్నయయే వ్రాయుచున్నట్లుగా నడపెను. నన్నయ ధోరణిలో మొదలిడి, క్రమముగా తిక్కన ధోరణిలోనికి కథను చేర్చెనని విద్వాంసులు చెప్పుదురు.

ఇందు మనకొక ఉపాయము కలదని నాకు తోచును. "నేను గొప్పగా వ్రాయగలనా?" అని ప్రశ్నించుకొన్నవాని చేయి వణకును. "ఇది ఎవరి మాట? ఎక్కడ ఆగిపోయినది? ఎవరికి కావలయును?" అని ప్రశ్నించుకొన్నవాని చేయి కదలును. వ్రాతలో "నేను" అనునది పెరిగిన కొలది భయమును పెరుగును.

ఇక మనవారు చెప్పు కారణములు చూతము. తప్పులు పడునేమో అనునది మొదటిది. అరసున్నయు, బండి ఱయు తెలియనిదే కలము పట్టరాదని కొందఱి తలంపు. నేలకొండపల్లివారైన కంచెర్ల గోపన్నగారు పాల్వంచ తహసీలుదారుగా పన్నుల లెక్కలు చూచినవారు. ఆయన దాశరథీ శతకమును ఛందస్సు నియమములకు లోబడి పద్యములలో వ్రాసిరి. కీర్తనలను ఇంటింటి మాటలలో పాడిరి. రెండును ఒక్కరివే. చదువురాని అవ్వ కూడ నేడు భద్రాద్రి మెట్లెక్కుచు ఆయన కీర్తన పాడుకొనును. పద్యమునకు పద్యపు భాష, పాటకు పాట భాష. అట్లే అర్జీకి అర్జీ భాష, ఊరి కథకు ఊరి భాష. పనికి తగిన భాష వ్రాయుట తప్పు కాదు.

మఱియు, లెక్కలలో చిట్టా, ఆవర్జా అని రెండు కలవు. నాటి జమాఖర్చులు నాడే, జరిగిన వరుసలో చిట్టాకు ఎక్కును. పిదప తీరికగా ఎవరి పద్దు వారి పేర ఆవర్జాలోనికి దింపుదుము. చిట్టా లేక ఆవర్జా వ్రాయబూనినవానికి లెక్క కుదరదు. వ్రాతకు భయపడువారు చేయుచున్నది ఇదియే. మొదటి వాక్యమే ఆవర్జాకు ఎక్కవలెనని కూర్చుందురు. అది కుదరక లేచిపోవుదురు. మొదట తోచినది తోచినట్లు చిట్టాగా వ్రాయుడు. వరుస తప్పినను, మాట తడబడినను ఆ కాగితము ఓర్చుకొనును. మఱునాడు దానిని ముందుంచుకొని శుభ్రప్రతి వ్రాయుడు.

"నేనెంతటివాడను?" అనునది రెండవ కారణము. తెలంగాణములో తెలుగు కవులు లేరని ఒకప్పుడు ఒక మాట పుట్టినది. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి కోపగించి ఊరకుండలేదు. వివరములు సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కనబడిరి. అనగా కవులు లేకపోలేదు. వారి పేర్లు ఒక్కచోట కాగితమునకు ఎక్కలేదు. కాగితమున లేనివానిని లోకము లేనివానిగనే లెక్కించును. ఇది మన ఊరికిని వర్తించును.

వ్రాయుటకు ఏమున్నదనునది మూడవ కారణము. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద గోదావరి 75.6 అడుగులకు చేరెను. 2022 జూలైలో 71.3 అడుగులకు చేరెను. ఈ అంకెలు ప్రభుత్వ దస్త్రములలో భద్రముగా ఉన్నవి. కాని ఆ రాత్రులలో ఏ ఇంటివారు ఏ గుట్టకు ఎక్కిరో, పశువుల పలుపులు ఎవరు కోసి విడిచిరో, ఎవరి గాదెలోని ధాన్యమును ఎందఱు వండుకొని తినిరో ఏ దస్త్రములో ఉన్నది? 1986లో ఇరువది ఏండ్ల పడుచువారు నేడు అరువదికి చేరిరి. వారి నోట ఉన్నది వారితోనే పోవుట న్యాయమా?

ఇంకొక మాట. ఇది కథల విషయము కాదు, కడుపు విషయము. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టము చేసినది. 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగులో ఉన్న గిరిజనులు దానిపై హక్కు కోరవచ్చును; తక్కినవారు మూడు తరములుగా, అనగా డెబ్బదియైదు ఏండ్లుగా, అడవిని నమ్ముకొని ఉన్నట్లు కూడ చూపవలెను. ఆ చట్టపు నియమములలో సాక్ష్యముల పట్టిక ఒకటి కలదు. హక్కు కోరువారు గాక ఇతర వృద్ధులు చెప్పిన మాటను వ్రాతలో పెట్టినచో, అదియు అందులో ఒక సాక్ష్యమే. అదియొక్కటే చాలదు, ఒకటికి మించి సాక్ష్యములు చూపవలెను. అయినను వృద్ధుని నోటిమాట చట్టము ముందు నిలువవలెనన్న, ఎవరో ఒకరు దానిని కాగితముపై పెట్టవలెను గదా! "నాకు వ్రాయుట రాదు" అని పదవ తరగతి చదివిన మనుమడు తప్పించుకొన్నచో, తాత చూచిన మడిచెక్కకు ఆ సాక్ష్యము లేకుండ పోవును.

మా మాటకు లిపి లేదు గదా అని కోయగూడెముల సోదరులు సంకోచింపవలదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చి, లిపి లేని ఆ భాషలో పుస్తకములు సిద్ధపఱచిరి. కోయ మాటను తెలుగు అక్షరములలో వ్రాసికొనవచ్చును. తాత కోయలో చెప్పినచో కోయలోనే మొదట వ్రాయుడు. తెలుగు తరువాత చేసికొనవచ్చును.

కడపట నా మనవి ఇది. గ్రంథాలయమునందు తెల్లకాగితముల పుస్తకమొకటి ఉంచుదము. ప్రతి ఇంటినుండి ఒక్కరు, ఇంటి పెద్దయొద్ద కూర్చుండి ఒక్క ప్రశ్న అడుగుడు. ఈ చెఱువును ఎవరు త్రవ్వించిరి? ఈ గుట్టకు ఈ పేరెట్లు వచ్చినది? వరద నాడు మనము ఎచ్చట ఉంటిమి? వారు చెప్పినట్లే వ్రాయుడు. వ్రాసినదానిని వారికి చదివి వినిపింపుడు. వారు "కాదు, అట్లు కాదు" అన్నచోట దిద్దుడు. క్రింద తేదీ వేసి, చెప్పినవారి పేరును, వ్రాసినవారి పేరును పెట్టుడు. అరపుట అయినను చాలును.

భయము పూర్తిగా తొలగిన పిదప వ్రాసెదమని ఎదురుచూడవలదు. అది మొదటి పంక్తికి ముందు పోదు. మూడు పంక్తులు వ్రాసిన పిదప కొంత తగ్గును. ముసలివారు తమ మాటను కాగితమున విని తల యూపిన నాడు మఱికొంత తగ్గును. ఇరువదియైదు వత్సరములు ఇతరులు వ్రాసినది మనము చదివితిమి. ఇకమీదట మనము వ్రాసినది మన పిల్లలు ఈ బీరువాలలో చదువుదురుగాక.