మాహ్‌లఖాబాయి గీతసంపుటి

హైదరాబాదు నగరమున ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమును దాటి, తార్నాక మీదుగా ఈశాన్యదిశకు సాగినచో, ఒంటరిగ నిలిచిన పెద్ద రాతిగుట్ట యొకటి కంటబడును. అదియే మౌలాలి. ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో, 1578 ప్రాంతమున, యాఖూత్ అను రాజసేవకునకు హజ్రత్ అలీ స్వప్నమున కానవచ్చెననియు, పిదప ఆ గుట్టమీది బండపై చేతిగుర్తు కనుగొనబడెననియు ఐతిహ్యము. నాటినుండి అది యాత్రాస్థలమైనది. రజబు మాసమున జరుగు ఉర్సునకు మతభేదము పాటింపక జనులు వందలకొలది మెట్లెక్కి పోవుచుందురు. ఆ గుట్ట పాదమున, నాలుగు భాగములుగ తీర్చిన తోటలో, ఒక సమాధిభవనము కలదు. పైకి పోవువారిలో ఎందరో దానివంక చూడకయే పోవుదురు. అందు పరుండియున్నది ఒక గాయని, నర్తకి, కవయిత్రి. లోకము ఆమెను మాహ్‌లఖాబాయి యని పిలిచెను. కవితలో ఆమె తనకు పెట్టుకొనిన పేరు చందా.

ఆమె జీవితమును గూర్చిన కథలను చెప్పువారు పెక్కుమంది కలరు. నేడు నేను ప్రస్తావింపదలచినది ఆమె కథను గాదు, ఆమె గీతసంపుటిని. ఒక గాయకుని సంపుటులలో ఒకటి ఇంటింట మ్రోగుచుండును. మరియొకటి అటకమీద దుమ్ము క్రమ్మి పడియుండును. కొన్నియేండ్లకు ఎవరో రసికుడు దానిని క్రిందికి దింపి, చెవియొగ్గి విని, ఇంతటిదానిని ఇన్నాళ్లు ఎందుల కుపేక్షించితిమని ఆశ్చర్యపడును. రేడియోగల ఇండ్లవారికి ఈ యనుభవము క్రొత్తది గాదు. చందా గీతముల విషయమున గూడ అట్టి పునర్విచారమే గత కొన్ని దశాబ్దములుగ జరుగుచున్నది. అది ఎంతవరకు న్యాయమో, ఎచ్చట హద్దు మీరుచున్నదో పరిశీలింతము.

మాహ్‌లఖా 1768లో జన్మించినది. తల్లి పేరు రాజ్‌కున్వర్. అక్క మహతాబ్ కున్వర్, నిజాము మంత్రియైన రుక్నుద్దౌలాకు ప్రియురాలు. చందాను ఆమెయే పెంచినది. కావున ఆ బాలికకు మంత్రిగృహమునందలి గ్రంథములును, విద్వద్గోష్ఠియు సులభముగ లభించినవి. కవిత్వమున షేర్ మహమ్మద్ ఖాన్ ఈమాన్ అను కవి ఆమెకు గురువు. సంగీతమున ఖుష్‌హాల్ ఖాన్ అనూప్ గురువు. 1762 మొదలు 1803 వరకు ఏలిన రెండవ ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ ఆమెకు మాహ్‌లఖా యను బిరుదమిచ్చెను. మన భాషలో దానిని చంద్రవదన యనవచ్చును. యుద్ధయాత్రలలో ఆమె పురుషవేషముతో ప్రభువు వెంట నుండెననియు, విల్లును బల్లెమును నేర్పుతో వాడెననియు చరిత్రకారులు వ్రాసిరి. ఆమెకు జాగీర్లు లభించినవి. వానిలో అడిక్‌మెట్ ఒకటి. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపితమైన తరువాత, దాని శాశ్వత ప్రాంగణమునకు ఎన్నుకొనబడినది ఆ ప్రాంతమే. 1939లో తెరువబడిన ఆర్ట్సు కళాశాలాభవనమును చూడవచ్చువారు, ఒకనాడు ఆ నేల ఒక గాయని జాగీరని ఎరుగరు. ఆమె పేర పిలువబడు దిగుడుబావి నేటికిని ఆ విద్యాప్రాంగణముల నడుమ కలదు.

మౌలాలి క్రిందనున్న సమాధిని ఆమె మొదట కట్టించినది తన తల్లికొరకు. 1824లో తానును అచ్చటనే తల్లి ప్రక్కన విశ్రమించినది.

ఇక గీతసంపుటి. ఆమె గజళ్లు 1798లో దివానుగ కూర్పబడినవి. దివాననగా ఒక కవి గజళ్లను అంత్యాక్షరక్రమమున అమర్చిన సంపుటి. ఇందు 125 గజళ్లు. ప్రతి గజలునందును ఐదే ఐదు ద్విపదలు. వెరసి 625 ద్విపదలు. శ్రీరంగపట్టణము పడిన 1799వ సంవత్సరముననే, అక్టోబరు మాసమున, ఒక నృత్యసభలో ఆమె తన దివాను ప్రతిని కెప్టెన్ జాన్ మాల్కము అను ఆంగ్లేయునకు కానుక యిచ్చినది. ఈతడే తరువాత బొంబాయికి గవర్నరైనవాడు. ఆ ప్రతి నేడు లండనునందలి బ్రిటిష్ గ్రంథాలయమున కలదు. ఆమె కంఠము మాత్రము మనకు దక్కలేదు. మనదేశమున గ్రామఫోనుకొరకు పాట ముద్రింపబడుట 1902లో, కలకత్తాలో, గౌహర్‌జాన్ పాడినప్పటి మాట. అప్పటికి మాహ్‌లఖా గతించి 78 సంవత్సరములైనది. కావున ఆమెను వినగోరువారికి మిగిలిన దారి అక్షరమొక్కటియే.

మరి యీ సంపుటి ఇంతకాలము మూలబడుటకు హేతువేమి? మొదటి కారణము ఆమె ప్రఖ్యాతియే. సభలో ఆమె నృత్యము, ఆమె ఐశ్వర్యము, మంత్రులతోడి ఆమె చెలిమి, ఇవియే జనులకు ముచ్చటలైనవి. పాడినది యెవరను ప్రశ్న, పాడినదేమి యను ప్రశ్నను మ్రింగివేసినది. రెండవది, ఉర్దూ సాహిత్యచరిత్రకు ఢిల్లీయు లక్నోయు కేంద్రములని తలచినవారికి దక్కను కవులు ప్రక్కవాటుగనే కనబడిరి. మూడవది, 19వ శతాబ్ద్యంతమున సంఘసంస్కరణము పేర గాయనీనర్తకుల కులవృత్తిపై పుట్టిన ఏవము. వృత్తిని నిందించినవారు, ఆ వృత్తి పెంచిన విద్యనుగూడ వెలివేసిరి. నాలుగవది మన తెలుగువారికి ప్రత్యేకమైనది. పొరుగింటి పాటయే యైనను, లిపి వేరగుటచే మనము దానిని మనదిగ నెన్నలేదు.

ఇట్టి గతి ఆమె కొక్కతెకే పట్టినది గాదు. తంజావూరున ప్రతాపసింహుని ఆస్థానమున నుండిన ముద్దుపళని మాహ్‌లఖాకు ఒక తరము ముందరిది. ఆమె రచించిన రాధికాసాంత్వనమును వీరేశలింగముగారివంటి పెద్దలు అశ్లీలమని తెగడిరి. ఆ మాటతో ఆ గ్రంథము అణగిపోవలసినదే. కాని బెంగుళూరు నాగరత్నమ్మ దానిని చదివి, ఆ రుచి ఎరిగి, 1910లో వావిళ్లవారిచేత పరిష్కృతముగ ప్రకటింపజేసినది. మరుసటి సంవత్సరమే ప్రభుత్వము దానిని నిషేధించినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారు మదరాసు ముఖ్యమంత్రిగ నున్నకాలమున ఆ నిషేధము తొలగినది. 1952లో గ్రంథము మరల అచ్చయినది. గాయనియైన నాగరత్నమ్మకు ముద్దుపళనితో చుట్టరికము లేదు. ఉన్నది పాఠకురాలి అభిమానమొక్కటే. మరుగుపడిన కృతికి ఒక మంచి పాఠకురాలు చాలునని ఈ కథ నిరూపించుచున్నది.

మాహ్‌లఖాకు అట్టి పాఠకులు మెల్లగ చేరిరి. 20వ శతాబ్ద్యారంభమున గులాం సందానీ ఖాన్ గౌహర్ ఆమె జీవితచరిత్రమును ఉర్దూలో వ్రాసెను. 1991లో సూసీ తారు, కె. లలిత కలసి ప్రకటించిన భారతీయ స్త్రీల రచనల బృహత్సంకలనమున ముద్దుపళనియు మాహ్‌లఖాయు ఒకే సంపుటమున చోటుచేసికొనిరి. సంపాదకురాండ్రలో సూసీ తారుగారు తార్నాకలోని ఆంగ్ల, విదేశీభాషల సంస్థలో, అనగా చందా పాత జాగీరు పరిసరములలోనే, అధ్యాపకురాలుగ నుండుట ఒక చక్కని సంగతి. 2002లో విలియం డాల్రింపిల్ హైదరాబాదును గూర్చి వ్రాసిన గ్రంథముతో ఆమె పేరు దేశాంతరములకు ప్రాకినది. 2011 నాటికి, అమెరికా ప్రభుత్వ ధనసహాయముతో, మౌలాలి సమాధిని, తోటను బాగుచేసిరి. ఆ పనికి పూనుకొనిన స్కాట్ కూగిల్ అను పండితుడు, సిరాజ్ ఔరంగాబాదీ కవితతో ఆమె కవితను పోల్చి 2016లో ఒక గ్రంథము వెలువరించెను. కథలను వీడి గీతములకు వచ్చిన పరిశీలన ఇది.

గీతములలో నేమున్నది? గజలునకు ఐదు ద్విపదలకు మించియు ఉండవచ్చును. పదియు పండ్రెండును వ్రాసిన కవులు కలరు. చందా మాత్రము 125 పర్యాయములు ఐదుకడనే ఆగినది. ఇది యాదృచ్ఛికము గాదు. ప్రవక్తయు, అలీయు, ఫాతిమాయు, వారి యిరువురు కుమారులును గలసి ఐదుగురగు పవిత్రకుటుంబమును తలచియే ఆమె ఈ నియమము పట్టినదని విజ్ఞులు భావింతురు. గజలులో చివరి ద్విపదయందు కవి తన నామముద్ర నుంచుట సంప్రదాయము. మన క్షేత్రయ్య పదమున మువ్వగోపాలుని ముద్రవలె, శతకమున మకుటమువలె, అది వినువారికి గుర్తు. చందా గజలునందు తొలి నాలుగు ద్విపదలు తోట, మధువు, దీపము, చెలికాని నిర్దయ, వీనితో నడచును. ఐదవ ద్విపదలో తన పేరు చెప్పుకొనునపుడు, తరచుగా, ఆమె ప్రభువులను మంత్రులను దాటి మౌలా అలీ అండను కోరును. రాజసభలో పాడుచు, రాజు వినుచుండగా, నాకు దిక్కు వేరొకడు కలడని చెప్పుకొనుట సామాన్యమైన ధైర్యము గాదు. మౌలాలి గుట్టక్రింద సమాధికి చోటెంచుకొనుటయు ఈ ఐదవ ద్విపదకు కొనసాగింపే యని నాకు తోచుచున్నది.

మరియొక విశేషము. క్షేత్రయ్య పురుషుడయ్యు నాయికనోట పలికించెను. ఉర్దూ గజలులో ప్రేమికుడు పుంలింగముననే మాటలాడుట వాడుక. చందా స్త్రీయయ్యు ఆ వాడుకనే పాటించినది. కాగితముమీద చదివినపుడు ఇది అనుకరణమువలె కనబడును. కాని సభను ఊహింపుడు. ఎదుట కూర్చున్నవారు పురుషులు; విరహమును చెప్పుచున్న మాటలు పురుషునివి; కంఠమును హస్తమును స్త్రీవి. నిర్దయురాలని పాటలో నిందింపబడునది ఎవరు? నిందించునది ఎవరు? ఈ తారుమారు నుండి పుట్టు చమత్కారము అచ్చులో సగమే కనబడును.

ఈ గజళ్లలో ఒకే భావము మరల మరల వచ్చుచున్నదని విమర్శకులు ఆక్షేపింతురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. 625 ద్విపదలను ఒక్క కూర్చున చదివినవానికి తోటలును దీపములును విసుగు పుట్టించును. అయితే ఇవి ఒక్క కూర్చున చదువుటకు రచింపబడినవి గావు. పదమును అభినయించు నర్తకి ఒకే పంక్తిని పట్టుకొని పది విధముల సంచారీభావములు చూపును. అచ్చట పంక్తి ఎంత తేలికగ నుండునో, అభినయమునకు అంత చోటు దొరకును. చందా ద్విపదలయందలి నిరాడంబరత ఇట్టి అవసరమునుండి వచ్చినదని గ్రహించినచో, లోపమనుకొనినది పనితనముగ కనబడును. రెండేసి, మూడేసి గజళ్లను బిగ్గరగ చదివించుకొని వినుట వీనికి తగిన మర్యాద.

ఇట్లనుచు, అభిమానుల అత్యుత్సాహమును గూర్చియు ఒకమాట చెప్పవలెను. ఉర్దూలో దివాను కూర్చిన ప్రథమ స్త్రీ మాహ్‌లఖాయే యని పలువురు వ్రాయుచున్నారు. కాని లుత్ఫున్నిసా ఇమ్తియాజ్ అను మరియొక దక్కను కవయిత్రి దివాను ఆమెదానికంటె ఒక సంవత్సరము ముందే పూర్తియైనదని పరిశోధకులు తేల్చిరి. అందుచేత చందాకు తక్కువ వచ్చినదా? రాలేదు. ప్రథమస్థానమను పీటమీద కూర్చుండబెట్టి పూజించినవారికే ఆ పీట కదలినపుడు చిక్కు. పాట విని మెచ్చినవానికి ఆ చిక్కు లేదు. అట్లే ఆమెను మీర్ తకీ మీరునకు సాటియనియు, సిరాజును మించినదనియు పొగడుటయు మేలు గాదు. ఆ కవుల లోతు వేరు. అతిస్తుతి గూడ ఒకవిధమగు ఉపేక్షయే. ఆ పొగడ్తలో గీతము మరల వినబడకుండ పోవును. ఆమె తన సభను, తన భక్తిని, తన విద్యను ఐదు ద్విపదల కొలతలో ఇమిడ్చిన నేర్పరి. ఈ మాత్రము చెప్పిన చాలును. ఇది చిన్నమాట గాదు.

ఇందు మనకు కర్తవ్యమేమి? సమాధికి సున్నము వేయుట ప్రభుత్వములు చేయగలవు, దాతలు చేయగలరు. పాటను బ్రదికించుట వారివలన కాదు. హైదరాబాదున ఉర్దూ చదువగల పెద్దలు ప్రతిపేటలో కలరు; తెలుగు సంగీతము తెలిసినవారును కలరు. వీరిరువురు ఒకచోట కూర్చుండి, ఒక గజలును అర్థముతో చదివి, ఒక రాగమున కూర్చి పాడినచో, రెండువందల యేండ్ల మౌనము కొంత తొలగును. నాగరత్నమ్మ ముద్దుపళనికి చేసిన సేవ ఒక గ్రంథముతో మొదలైనది. చందాకు ఆ సేవ ఒక్క గజలుతోనైనను మొదలుకావచ్చును. తెలుగులిపిలో ఆమె గజళ్ల చక్కని సంపుటి, పదార్థములతో, తాత్పర్యముతో ఇంటింటికిని అందుట వాంఛనీయము. ఆమె జాగీరున వెలసిన విద్యాలయములలో చదువుచున్న యువతీయువకులలో ఎవరైన ఈ పనికి పూనుకొందురుగాక.