పరికరం ఎవరి చేతిలో ఉంది?



1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 బడుల్లో పిల్లల చేతే ప్రయోగాలు చేయిస్తూ సైన్సు చెప్పడం మొదలైంది. నలుగురేసి ఒక జట్టు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. మా ప్రభుత్వ బడిలో నేను ఆ పద్ధతినే పాటిస్తాను.

జట్టు కట్టగానే కులం పోదు. వదిలేస్తే గ్లాసులు కడిగేది వాడ పిల్లలు, ద్రావణం పోసేది మిగతావాళ్లు. అందుకే కడగడంతో సహా అన్ని పనులూ వంతులవారీగా తిప్పుతాను. చిన్నప్పుడు అంబేడ్కర్ బడిలో ప్యూను కుళాయి తిప్పితేనే నీళ్లు తాగాలి. ముట్టుకోనివ్వని చోట ప్రయోగమెలా జరుగుతుంది?

మొన్న పసుపు కాగితం మీద సున్నపు తేట వేశాం. ఎర్రబడింది. నిమ్మరసంతో మళ్లీ పసుపైంది. ఆరో తరగతి అమ్మాయి లేచి, "సార్, మా తాత తోళ్లను సున్నపు నీళ్లలోనే నానేసేవాడు, వెంట్రుకలు ఊడాలని" అంది. వెనక ఎవరో నవ్వారు. ఇక ఆ రోజు పాఠం అదే. సున్నం వెంట్రుకల కుదుళ్లను వదులు చేయడం, తంగేడు చెక్కలోని టానిన్ తోలును కుళ్లనివ్వకపోవడం, అన్నీ బోర్డు మీద రాసింది ఆ అమ్మాయే.

టీచర్ ట్రైనింగులో ఉన్న మిత్రులారా, పరికరాల పెట్టె తెరిచినప్పుడు ఎవరి చేతులు వెనకాడుతున్నాయో రాసి పెట్టుకోండి. వచ్చే వారం ఆ తాత మా బడికి వస్తానన్నాడు, తంగేడు చెక్క పట్టుకుని.