బడికి ముందు చదువు: ఇంట్లో ఎవరి పని?

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



"మూడేళ్ళ పిల్లని ప్లేస్కూల్లో వెయ్యకుండా ఇంట్లోనే చదివించుకుందామనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?" అని ఈమధ్య మన సంఘం మీటింగుల్లో తరచుగా అడుగుతున్నారు. అడిగేవాళ్ళంతా తల్లులే. ఒక్క తండ్రి కూడా వచ్చి అడగలేదు. ఇది మహిళా సమస్య ఎలా అవుతుందని మన కమిటీలోనే ఒకరిద్దరు అన్నారు. ఆ ఒక్క తండ్రీ రాకపోవడంలోనే జవాబుంది.

హోం స్కూలింగ్ అనే మాట వినగానే ఇక్కడున్న పాత కార్యకర్తలకి ముందు అనుమానం వస్తుంది. నాకూ వస్తుంది. 1990ల మొదట్లో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు, బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుల కిందే లెక్క అని పట్టుబట్టి పనిచేశారు. ఆ రోజుల్లో ఊళ్ళల్లో తిరిగిన మనకి, "ఆడపిల్లకి ఇంట్లోనే చదువు చెప్పిస్తున్నాం" అనే మాటకి అర్థం బాగా తెలుసు. ఆ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని అన్నం వారుస్తూ ఉంటుంది, లేకపోతే విత్తనాల పత్తి చేలో క్రాసింగ్‌కి పోయి ఉంటుంది. అందుకని ముందే ఒక గీత గీస్తున్నాను. నేను మాట్లాడేది ఆరేళ్ళ లోపు పిల్లల గురించి మాత్రమే. ఆరు దాటిన ఆడపిల్లని ఇంట్లో ఉంచే ఆలోచనని నేను సమర్థించను.

ఈ ఆరేళ్ళ గీత చట్టం గీసినదే. దాని వెనక ఒక కథ ఉంది. మన రాజ్యాంగం మొదట్లో 45వ అధికరణంలో, పద్నాలుగేళ్ళు వచ్చేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య ఏర్పాటు చేయడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని రాసుకున్నారు. "పద్నాలుగు వచ్చేవరకు" అంటే అందులో మూడేళ్ళ పిల్లా ఉంది. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు, పద్నాలుగేళ్ళలోపు చదువు ప్రాథమిక హక్కేనని చెప్పింది. తీరా 2002లో 86వ సవరణ తెచ్చినప్పుడు ఆ హక్కుని ఆరు నుంచి పద్నాలుగుకి కుదించారు. ఆరేళ్ళ లోపు వాళ్ళకి సంరక్షణ, విద్య అందించడానికి ప్రభుత్వం "ప్రయత్నిస్తుంది" అని రాసి వదిలేశారు. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్లో కూడా ప్రభుత్వం ఏర్పాట్లు "చేయవచ్చు" అనే ఉంది, "చేయాలి" అని లేదు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ అని బాగానే చెప్పింది. కానీ విధానాన్ని పట్టుకుని కోర్టుకి పోలేం కదా!

ఆ ఒక్క క్రియాపదం వదిలిన ఖాళీలోకే ఎల్‌కేజీ వ్యాపారం వచ్చి కూచుంది. అది భరించలేనివాళ్ళకి, లేదా అక్కడ మూడేళ్ళ పిల్ల చేత అక్షరాలు దిద్దించడం చూడలేనివాళ్ళకి, ఇంట్లో చదువు అనే ఆలోచన వస్తోంది. అందులో తప్పేమీ లేదు. ఆరేళ్ళు నిండేదాకా పిల్లని బడిలో వేసి తీరాలని ఏ చట్టమూ అనదు. "ఎల్‌కేజీ, యూకేజీ చదవకపోతే ఒకటో తరగతిలో సీటు రాదు" అని తల్లుల్ని బెదిరిస్తూ ఉంటారు. 13వ సెక్షన్ ప్రకారం చేర్చుకునేటప్పుడు పిల్లకి గాని తల్లిదండ్రులకి గాని పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదు. పెడితే మొదటిసారి 25,000 రూపాయల దాకా, తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా ఉంది. ఈ సెక్షన్ నంబరు మీ డైరీల్లో రాసుకోండి, జూన్ నెలలో పనికొస్తుంది.

ఇక పని ఎవరు చేస్తారన్న దగ్గరికి వద్దాం. 2019లో కేంద్ర ప్రభుత్వం చేయించిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు ఆ పనికే ఇస్తున్నారని తేలింది. ఇంటిపని చేసే మగవాళ్ళు ఇచ్చేది 97 నిమిషాలు. అసలు ఆ పని ముట్టుకోని మగవాళ్ళు ఈ సగటులో లేనే లేరు! ఆ 299 నిమిషాల మీద ఇప్పుడు ఉపాధ్యాయురాలి పని కూడా పెడుతున్నాం. "నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు కదా" అనే మాటతో మొదలై, "పిల్ల కోసం ఆ ఉద్యోగం మానెయ్యరాదూ" అనే మాట దాకా వెళ్తుంది. పిల్లకి మాటలు ఆలస్యమైతే తల్లి సరిగ్గా చెప్పలేదనే మాట కూడా పడుతుంది.

అందుకని, ఎలా మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను పుస్తకాల జాబితా ఇవ్వను. ముందు ఇంట్లో అందరూ కూచుని వారంలో ఏ పూట ఎవరిదో కాయితం మీద రాసుకోమంటాను. మా అమ్మాయి చిన్నప్పుడు మేం అలాగే చేశాం. ఉదయం పూట మా అత్తగారు, సాయంత్రం నేను, ఆదివారమూ బుధవారం రాత్రీ మా ఆయన. "నాకు కథలు రావు" అన్నారాయన. రాకపోతే నేర్చుకోమన్నాను. ఆయన నేర్చుకోలేదు గాని, బుధవారాల్లో సైకిలు విప్పి బిగించేవారు. నట్లు పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు పెట్టడం మా పిల్ల దగ్గరే కూచుని నేర్చుకుంది. లెక్కలకి మొదలు అదే. ఏది పెద్దది, ఏది చిన్నది, ఏవి ఒకలాంటివి అని వేరుచేయడం వచ్చిన తర్వాతే అంకెలకి అర్థం ఉంటుంది.

ఇల్లు బడి కానక్కర్లేదు. టైంటేబులు, బ్లాక్‌బోర్డు, మూడు గంటల పాఠం ఇవేమీ వద్దు. మూడేళ్ళ పిల్ల ఒక పనిమీద పది నిమిషాలు నిలిస్తే ఎక్కువ. రోజుకి అలాంటి ముక్కలు మూడో నాలుగో దొరికితే చాలు, మిగతాదంతా ఆటా మాటా. చింతపిక్కలు, కందులు, పెసలు కలిపి వేరుచేయమనండి (మూడేళ్ళ లోపు పిల్లలకి మాత్రం గింజలు ఇవ్వొద్దు, ముక్కులో పెట్టుకుంటారు). గ్లాసుతో ఎన్నిసార్లు పోస్తే చెంబు నిండుతుందో చూడమనండి. అన్నం తినేవాళ్ళెందరో లెక్కపెట్టి కంచాలు తెమ్మనండి. ఈ చివరిది మగపిల్లాడి చేత తప్పకుండా చేయించండి.

పలక చేతికివ్వడానికి తొందరపడొద్దు. రాయాలంటే వేళ్ళకి బలం కావాలి. బంకమన్ను పిసకడం, ముగ్గుపిండి గుప్పెట్లోంచి జారవిడవడం, దారానికి పూలు గుచ్చడం, చపాతీపిండి ముద్దలు చేయడం, ఇవన్నీ రాతకి సన్నాహాలే. భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టినప్పుడు ఆటకీ పాటకీ కథకీ పెద్దపీట వేశారు. ఆయన అంతకుముందు వకీలు. తన పిల్లాడి చదువు గురించి ఆలోచిస్తూ మాంటిస్సోరి పుస్తకాల దాకా వచ్చిన మనిషి. అంటే తండ్రులు ఈ పని చెయ్యలేరన్నది చరిత్రలో కూడా నిజం కాదు.

భాష గురించి ఒక మాట. ఇంట్లో లంబాడీ మాట్లాడితే లంబాడీలో, ఉర్దూ అయితే ఉర్దూలో, గోండీ అయితే గోండీలో కథలు చెప్పండి. టీవీలో ఇంగ్లీషు పాటలు పెట్టి "చదువు మొదలైంది" అనుకునే తల్లులు పేదవాళ్ళలోనూ ఉన్నారు, ఉన్నవాళ్ళలోనూ ఉన్నారు. ఇంగ్లీషు మీద వాళ్ళకున్న ఆశని నేను చిన్నచూపు చూడను. ఆ ఆశ వెనక కులం ఉంది, అవమానం ఉంది. కానీ ఇంటి భాషలో మాటలు దండిగా ఉన్న పిల్లకి రెండో భాష కూడా సులువుగా పట్టుబడుతుంది. పుస్తకాలు కావాలంటే సికింద్రాబాదులోని మంచి పుస్తకం వాళ్ళవి చవకగా దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగానే ఉన్నాయి. వేల రూపాయల కిట్లు కొనొద్దు.

ఒంటరిగా మాత్రం చెయ్యొద్దు. పిల్లకి తోటిపిల్లలు కావాలి, తల్లికి తోటితల్లులు కావాలి. వీధిలో నలుగురైదుగురు కలిస్తే పూట వంతున ఒక్కొక్కరు చూసుకోవచ్చు. మిగతావాళ్ళకి ఆ పూట పనికి పోవడానికో, నడుం వాల్చడానికో దొరుకుతుంది. మాంటిస్సోరి మొదటి బాలల ఇల్లు 1907లో రోము నగరం శాన్ లోరెంజోలో, తల్లిదండ్రులు కూలికి పోతే మెట్లమీద తిరిగే పిల్లల కోసమే మొదలైంది. తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ మహారాష్ట్రలో ఆదివాసీ పిల్లలు బాలవాడీకి రాకపోతే బాలవాడీనే వాళ్ళ వాకిళ్ళలోకి తీసుకెళ్ళారు. అంగన్ అంటే వాకిలి. అంగన్‌వాడీ అన్న మాటలో ఉన్నది ఆ వాకిలే.

అంచేత ఇంట్లో చదివించుకునేవాళ్ళు కూడా పిల్ల పేరు అంగన్‌వాడీలో నమోదు చేయించాలి. చదువు విషయంలో చట్టం "చేయవచ్చు" అని జారుకున్నా, తిండి విషయంలో జారుకోలేదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలకి అంగన్‌వాడీ ద్వారా ఉచిత ఆహారం హక్కు. బరువు చూడటం, టీకాలు, వినికిడి, చూపు, మాట ఆలస్యం లాంటివి కనిపెట్టే డాక్టర్ల బృందం రావడం, ఇవన్నీ అక్కడే జరుగుతాయి. ఇంట్లోనే ఉండిపోయిన పిల్లలో ఇలాంటి లోపాలు ఎవరి కంటా పడకుండా పోయే ప్రమాదం ఉంది.

ఆ అంగన్‌వాడీ నడిపేది కూడా ఆడవాళ్ళే, జీతం పేరు గౌరవవేతనం. ఈ పథకం 1975 అక్టోబరు 2న మొదలైతే, వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా ఆంధ్రలో అంగన్‌వాడీలు నలభై రోజులకు పైగా సమ్మె చేస్తే ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. పసిపిల్లల చదువు అత్యవసర సేవ అని ఆ రోజు గుర్తొచ్చింది, జీతం అడిగిన రోజు మాత్రం గుర్తు రాలేదు.

తరగతికి ముందు ఒక చెల్లెలు నన్నడిగింది: "అక్కా, ఐదేళ్ళొచ్చాయి, అక్షరాలు రాలేదు, మా అత్తగారు రోజూ సాధిస్తోంది, ఏం చెయ్యను?" పిల్ల కథ వింటుందా, తిరిగి చెబుతుందా, ప్రశ్నలు అడుగుతుందా అన్నాను. అన్నీ చేస్తుందట. అయితే అత్తగార్ని సాయంత్రం ఒక అరగంట పిల్లకి కథ చెప్పమను, అలాగే అంగన్‌వాడీలో ఈసారి తల్లుల సమావేశం ఎప్పుడో కనుక్కుని ఆవిడని కూడా వెంటబెట్టుకుని వెళ్ళు అన్నాను. వచ్చే నెల మీరు మీ ఊళ్ళల్లో ఆ సమావేశాలకి వెళ్ళినప్పుడు ఎంతమంది తండ్రులు వచ్చారో లెక్కపెట్టి రాసుకు రండి.