విడాకుల డిక్రీ నకలు ఎక్కడ దొరుకుతుంది?

మళ్లీ పెళ్లికి విడాకుల డిక్రీ చూపించమంటారు. బీరువా అంతా వెతికినా కాగితం కనపడదు. కొందరు మీసేవకు, కొందరు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు పరుగెడతారు. అక్కడ దొరకదండీ! విడాకులు ఏ కోర్టు ఇచ్చిందో, నకలూ ఆ కోర్టునే అడగాలి. రాజమండ్రి అయితే రాజమండ్రి, ఏలూరు అయితే ఏలూరు.

కేసు నంబరు, సంవత్సరం కావాలి. గుర్తులేదా? ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకండి. మరీ పాతదైతే మీ వకీలుగారి గుమస్తాను పట్టుకోండి, ఆయనకే తెలుస్తుంది. కాపీ అప్లికేషన్ రాసి, కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇవ్వండి. కోర్టు ముద్ర ఉన్న సర్టిఫైడ్ కాపీయే తీసుకోండి, ఉత్త జిరాక్సు కాదు.

ఇంకోమాట. హిందూ వివాహ చట్టం ప్రకారం విడాకుల డిక్రీ నకలు ఇద్దరికీ కోర్టు ఉచితంగా ఇవ్వాలి. కేసు ఇప్పుడే ముగిసినవాళ్లు అది అడిగి తీసుకోండి.