రెండు ఇంజన్ల చిన్న హెలికాప్టరు

ఆకాశమున ఎగురుచున్న హెలికాప్టరునకు ఇంజను ఆగిపోయినచో ఏమగును? రాయివలె పడిపోవునని పలువురు తలంతురు. అది నిజము కాదు. యంత్రము దిగుచుండగా క్రిందినుండి ఎదురువచ్చు గాలి దాని రెక్కలను త్రిప్పుచునే యుండును. నేర్పరియైన చోదకుడు ఆ భ్రమణ బలముతోనే క్షేమముగా నేల దిగగలడు. అయితే చేరువలోనే చదునైన చోటు ఒకటి దొరకవలెను. మేడలు క్రిక్కిరిసిన నగరముపైనను, సముద్రముపైనను అట్టి చోటు ఎక్కడ లభించును?

ఈ చిక్కునకు సమాధానమే రెండవ ఇంజను. ఒకటి ఆగినను, రెండవదాని బలముతో అనువైన తావు చేరుకొనుట సాధ్యమగును. కాని రెండు ఇంజన్లు మోయుటకు పూర్వము పెద్ద హెలికాప్టరే కావలసియుండెను. తేలికయైన టర్బైను ఇంజన్లు వచ్చిన పిమ్మటనే ఐదుగురు కూర్చుండు చిన్న యంత్రమునకు ఆ భాగ్యము కలిగినది.

పశ్చిమ జర్మనీలో బోల్కో సంస్థవారు రూపొందించిన బీఓ 105 ఈ తరగతికి మార్గదర్శి. దాని మొదటి నమూనా నేలమీది పరీక్షలలోనే కంపనముల వలన ధ్వంసమైనది. నిర్మాతలు వెనుదీయలేదు. రెండవ నమూనా 1967 ఫిబ్రవరి 16న ఎగిరినది.

దీని విశేషము రెక్కల అమరికలో నున్నది. ఆనాటి హెలికాప్టర్లలో సాధారణముగా రెక్కలు పైకి క్రిందికి ఆడుటకు మొదలువద్ద మడతబందులుండెడివి. ఇందులో అవి లేవు. గాజునార కలిపి చేసిన నాలుగు రెక్కలును వెదురుబద్దవలె తామే వంగి ఆ పని నెరవేర్చును. అందుచేత యంత్రము చోదకుని చేతికి వెంటనే లొంగును. అరిగిపోవు భాగములును తగ్గినవి. ఇది స్వల్ప విషయము కాదు. ఇంజనుకు తోడుగా మరియొక ఇంజను కలదు గాని, రెక్కలకు మారు రెక్కలు లేవు గదా!

వెనుకవైపు తలుపులు రెండును తెరచి రోగిని స్ట్రెచరుతో సహా లోనికి చేర్చవచ్చును. 1970 నవంబరు 1న మ్యూనిక్ నగరమున 'క్రిస్టోఫ్ 1' అను పేర ఈ హెలికాప్టరే ప్రమాదస్థలమునకు వైద్యుని కొనిపోవు సేవను ఆరంభించినది.

మన దేశమునకును ఈ కథతో సంబంధము కలదు. ఆ జర్మన్ సంస్థ విలీనమైన ఎంబీబీతో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారు 1984లో ఒప్పందము చేసికొనిరి. ఆ కృషి ఫలముగా 1992 ఆగస్టు 20న బెంగుళూరులో తొలిసారి ఎగిరిన 'ధ్రువ్' ఇంతకంటె పెద్దదైనను, దానికిని ఇంజన్లు రెండు. మడతబందులు లేని రెక్కలు నాలుగు.

రెండవ ఇంజను వలన బరువు పెరుగును, ఇంధనవ్యయము పెరుగును, వెల పెరుగును. ఆ వ్యయము దండుగ యని అనుదినము తోచవచ్చును. ఒక ఇంజను ఆగిన నాడు మాత్రము దాని విలువ లోపల కూర్చున్నవారికి తెలియును.