రాష్ట్రావతరణ దినములు - వాని వెనుక చరిత్ర

(సాంస్కృతిక సమాజ సభలో చేయబడిన ఉపన్యాసపు పాఠము)



పూర్వము తెలుగువారి యిండ్లలో జ్ఞాపకములు తిథులను బట్టి నడచెడివి. శ్రీరామనవమియు, కృష్ణాష్టమియు, పెద్దల తద్దినములును చంద్రగమనము ననుసరించి వచ్చుచుండును. ఇంగ్లీషు తేదీని గుర్తుంచుకొను అలవాటు బడి, కచేరీ, రైలు, నెలజీతము నేర్పినది. నేటికిని గృహస్థుడు తండ్రి తద్దినమునకు పంచాంగము తిరగవేయును. స్వాతంత్ర్య దినమునకు గోడమీది క్యాలెండరు చూచును. తిథి యెన్ని ఘడియలున్నదను విషయమున పంచాంగకర్తలు తగవులాడుకొనవచ్చును గాని, ఆ దినమున ఎవరిని స్మరింపవలెనను విషయమున తగవు లేదు. రాజ్యవ్యవహారములకు సంబంధించిన తేదీల సంగతి వేరు. ఒక మహాసంఘటన వెనుక పది తేదీలుండును. వానిలో ఒకదానిని ఎవరో యొకరు ఎన్నుకొనవలెను. దానికొక ఉత్తరువు వెలువడవలెను. చిక్కంతయు ఆ ఎన్నికలోనే కలదు.

పరరాష్ట్రములలోని తెలుగు సమాజములకు ఉగాది జరుపుట సులభము. పచ్చడి అందరికిని ఒక్కటే. రాష్ట్రావతరణ దినోత్సవమనునప్పటికి మాట తడబడును. ఏలయన, ఒకే వరుసలో శ్రీకాకుళమువారు, కరీంనగరమువారు, కడపవారు కూర్చుండియుందురు. అక్టోబరు 1, నవంబరు 1, జూన్ 2 అను మూడు తేదీలలో ఒకరికి పండుగయైనది మరియొకరికి గాయము కావచ్చును. కావున ఏ తేదియు జరుపకుండుటయే మేలనువారు కలరు. ఆ మౌనము సుఖముగనే యుండును. కాని దానివలన నష్టపోవువారు పిల్లలు. బదిలీలపై ఊరూరు తిరిగిన ఉద్యోగి బిడ్డలకు తమ పెద్దల ఊరు ఎప్పుడెప్పుడు ఏయే రాష్ట్రములో నుండెనో చెప్పువారే లేకపోవుదురు.

1950లో కర్నూలులో పుట్టినవాడు ఇల్లు కదలకయే మద్రాసు రాష్ట్రమును, ఆంధ్ర రాష్ట్రమును, ఆంధ్రప్రదేశ్‌ను, విభజనానంతరపు ఆంధ్రప్రదేశ్‌ను చూచెను. అదే యేడు కరీంనగరములో పుట్టినవాడు హైదరాబాదు రాష్ట్రమును, ఆంధ్రప్రదేశ్‌ను, తెలంగాణమును చూచెను. భద్రాచలము కథ మరింత విచిత్రము. 1953లో అది ఆంధ్ర రాష్ట్రములోని తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో పట్టణమును, రామాలయమును తెలంగాణములో నిలువగా, చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. భద్రాద్రి రాముడు కొండ దిగలేదు. చుట్టునున్న ఎల్లలే కదలినవి.

ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలులో అవతరించెను. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభోత్సవము గావించెను. టంగుటూరి ప్రకాశము పంతులు ముఖ్యమంత్రి యయ్యెను. రాష్ట్రములో 11 జిల్లాలుండెను. బళ్ళారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు వచ్చి చేరినవి. ఉత్సవపు తేది ఇది. అయితే ఈ తేదీని తెచ్చిన తేది మరియొకటి కలదు: 1952 డిశంబరు 15.

ఆ రాత్రి మద్రాసు మైలాపూరులో, బులుసు సాంబమూర్తిగారి యింట, పొట్టి శ్రీరాములు ప్రాణము విడిచెను. అక్టోబరు 19న ఆరంభించిన నిరాహార దీక్ష 58వ దినమున అట్లు ముగిసెను. అప్పటికాయన వయస్సు 51 సంవత్సరములు. ఈ సమాజమున రైల్వేవారు పలువురు కలరు గనుక ఒక సంగతి చెప్పదగియున్నది. శ్రీరాములు బొంబాయిలో పారిశుద్ధ్యపు ఇంజనీరింగు చదివి, నేటి మధ్య రైల్వేకు పూర్వరూపమైన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో కొన్నియేండ్లు ఉద్యోగము చేసెను. భార్యయు, బిడ్డయు పోయిన పిదప ఆ ఉద్యోగము వదలి సబర్మతి ఆశ్రమము చేరెను. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయములో హరిజనుల ప్రవేశముకొరకు నిరశనవ్రతము పట్టెను. రాష్ట్రమొక్కటే ఆయన జీవితములోని విషయము కాదు. విగ్రహములకు పూలమాల వేయు నాడు ఈ మూలాపేట దీక్షను తలచువారు తక్కువ, తలచుట అవసరము.

ఆ దీక్ష ఆకాశమునుండి ఊడిపడినది కాదు. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిననాటినుండి కోరిక నడచుచునే యుండెను. రాయలసీమవారి సంశయములు తీర్చుటకై 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున ఒడంబడిక జరిగెను. 1949లో జవహర్‌లాల్, వల్లభభాయి, పట్టాభి గార్ల సంఘము మద్రాసు నగరముపై హక్కు వదలుకొన్నచో ఆంధ్ర రాష్ట్ర విషయము ఆలోచింపవచ్చుననెను. 1951లో స్వామి సీతారాం 35 దినములు ఉపవసించి, వినోబా భావే మాటపై విరమించెను. ఏడాది తిరిగిన తరువాత శ్రీరాములు కూర్చుండెను. ఇంతకుముందొకరు విరమించిరి గదా, ఈయనయు విరమించుననుకొన్నవారు ఉండియుందురు.

మరణవార్తతో ఆంధ్ర జిల్లాలు అట్టుడికినట్లు ఉడికినవి. రైళ్ళు నిలిచిపోయెను, కాల్పులు జరిగెను, పలువురు చనిపోయిరి. డిశంబరు 19న నెహ్రూ లోక్‌సభలో ఆంధ్ర రాష్ట్ర నిర్మాణమును ప్రకటించెను. దీక్ష 58 దినములు సాగగా, మరణమునకును ప్రకటనకును నడుమ నున్నవి నాలుగు దినములు! ఈ లెక్క తెలిసినవాడు అక్టోబరు 1ని కేవలము ఉత్సవముగా జరుపజాలడు. నాటి కాల్పులలో పోయినవారి పేర్లు ఏ క్యాలెండరునందును లేవు.

ఇక కర్నూలు. శ్రీబాగ్ ఒడంబడిక ననుసరించి రాజధాని రాయలసీమకును, హైకోర్టు గుంటూరునకును వచ్చినవి. మద్రాసునుండి కచేరీలు, దస్త్రములు, గుమాస్తాలు, వారి కుటుంబములు కర్నూలు చేరినవి. ఆ పట్టణమున అంతమందికి తగిన భవనములెక్కడివి? గుడారములు వేసిరి. వానిలోనే కచేరీలు, వానిలోనే కాపురములు. మద్రాసులో ట్రాము కార్లకును, సముద్రపు గాలికిని అలవాటుపడిన యిల్లాండ్రు తుంగభద్ర ఒడ్డున, ఎండలో, గుడారములో పొయ్యి రాజేసిరి. మూడేండ్లు గడచి కాస్త కుదుటపడుచుండగనే మరల మూటలు కట్టవలసి వచ్చినది. ఈసారి ప్రయాణము హైదరాబాదునకు. శాసనసభా చర్చలు ముద్రితమై యున్నవి గాని, ఏ గుమాస్తా భార్య ఎట్లు సంసారమీదెనో వ్రాసినవారు అరుదు. బదిలీ యననేమో ఎరిగిన ఈ సమాజములోని గృహిణులకు అది వేరుగ వర్ణింపనక్కరలేదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించెను. దీని వెనుకను మరియొక తేది దాగియున్నది. రాష్ట్ర పునర్విభజన సంఘము 1955లో ఇచ్చిన నివేదికలో, హైదరాబాదు రాష్ట్రముగా తెలంగాణము తత్కాలము వేరుగ నుండవలెననియు, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత అచటి శాసనసభ మూడింట రెండువంతుల ఆధిక్యముతో కోరినచో ఆంధ్రతో కలియవచ్చుననియు సూచించెను. అంతవరకు ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఉభయప్రాంతముల నాయకులు కూర్చుండి పెద్దమనుషుల ఒప్పందము చేసికొనిరి. ఉద్యోగములు, విద్య, మిగులు నిధులు, మంత్రిపదవులు - వీనియందు తెలంగాణమునకు రక్షణలు వ్రాసికొనిరి.

వ్రాసినది నడచెనా? నడువలేదని 1969లో తెలంగాణ విద్యార్థులును, ఉద్యోగులును లేచిరి. కాల్పులలో యువకులు నేలకొరిగిరి. హైదరాబాదులో శాసనసభ యెదుట గన్ పార్కులో శిల్పి ఎక్కా యాదగిరిరావు తీర్చిన స్తూపము వారి జ్ఞాపకచిహ్నము. నవంబరు 1ని విద్రోహ దినముగా పాటించిన తెలంగాణ సంఘములు చాల యుండెను. ఇంతవరకు పలువురు ఎరుగుదురు. తరచుగ మరచునది మరియొకటి. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లునని సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా, ఆంధ్రలోను, రాయలసీమలోను జై ఆంధ్ర ఉద్యమము చెలరేగెను. ఆ డిశంబరులో ఎన్.జి.ఓ.లు సమ్మె కట్టిరి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చెను. అనగా, నవంబరు 1నాటి కలయికను విప్పివేయుడని నాలుగేండ్ల యెడమున ఇరువైపులవారును కోరియుండిరి. ఆ తేది ఒక పక్షమువారి సొత్తనియు, రెండవ పక్షమువారి పగ యనియు తేల్చుట చరిత్ర కాదు.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడెను. పార్లమెంటు చట్టము చేయగా, కేంద్రప్రభుత్వము గెజెట్టులో నియమించిన దినమిది. నాటినుండి ఏటేట ముఖ్యమంత్రి ముందుగ గన్ పార్కు స్తూపమునకు పుష్పాంజలి ఘటించి, పిమ్మట జెండా వందనమునకు పోవును. ఉత్సవమునకు ముందు మరణమును తలచు ఈ క్రమము మెచ్చదగినది. అక్టోబరు 1కిని డిశంబరు 15కిని నడుమ ఇట్టి ముడి పడలేదు. అవి క్యాలెండరులో రెండున్నర నెలల దూరమున, వేర్వేరు సభలుగ మిగిలిపోయినవి.

అదే జూన్ 2 ఆంధ్రప్రదేశ్‌కు ఏమి? అచటి ప్రభుత్వము 2015నుండి కొన్నియేండ్లు దానిని నవనిర్మాణ దీక్షా దినముగా పాటించెను. 2019లో నవంబరు 1ని మరల అధికారికముగా జరిపెను. అక్టోబరు 1 జరుపవలెననువారును లేకపోలేదు. వారి వాదములో బలము కలదు. 1953 నాటి 11 జిల్లాల నేలయే ప్రకాశము, విజయనగరము జిల్లాలేర్పడగా 13 జిల్లాలై, కొద్దిపాటి సరిహద్దు మార్పులతో, 2014లో మిగిలిన ఆంధ్రప్రదేశ్ అయినది. నవంబరు 1 తెలంగాణముతో కలసిన దినము. ఆ కలయిక విడిపోయిన తరువాతను దానినే అవతరణ దినమనుట తర్కమునకు కొంచెము కుంటుపడును. కాని, పేరు ఆ దినమున వచ్చినదే గదా యనువారికి వెంటనే బదులు చెప్పుట కష్టము.

ఇది తెలుగువారికి మాత్రమే పట్టిన చిక్కు కాదు. నవంబరు 1 కన్నడిగులకు రాజ్యోత్సవము, మలయాళీలకు కేరళ జన్మదినము. వారి సమాజములు ఆనాడు సందేహములేక దీపములు వెలిగించును. తమిళులు మాత్రము సంశయించిరి. అచటి ప్రభుత్వము 2019లో నవంబరు 1ని తమిళనాడు దినముగా జరిపెను. 2021లో మరియొక ప్రభుత్వము దానిని జూలై 18కి మార్చెను. 1967లో తమిళనాడు అను పేరునకై శాసనసభ తీర్మానించిన దినమది. సరిహద్దులు గీసిన దినమా, పేరు పెట్టుకొన్న దినమా యని పొరుగువారును తర్కించుకొనిరన్నమాట.

క్యాలెండరును ప్రక్కనుంచి పంచాంగము తెరచినచో ఒక చిత్రము కానవచ్చును. శ్రీరాములు మరణించినది నందన సంవత్సరము. ఆంధ్ర రాష్ట్రము అవతరించినది విజయ సంవత్సరము. అరువదేండ్ల చక్రము తిరిగి 2013 ఉగాదికి మరల విజయ వచ్చినది. ఆ విజయ ముగియకముందే, 2014 ఫిబ్రవరి 20న, రాష్ట్ర విభజన బిల్లును రాజ్యసభ ఆమోదించెను. ఫిబ్రవరి 20! పెద్దమనుషుల ఒప్పందము జరిగిన తేదియు అదియే. దీనిలో దైవలీలను వెదుకనక్కరలేదు. అధికారులు ఆ పోలికను తలచి తేది కుదిర్చిరనుటకును ఆధారము లేదు. అయినను, కలిపిన కాగితమునకును విడదీసిన కాగితమునకును ఒకే తేది యుండుట పిల్లలకు చెప్పినచో మరువరు. ఉత్సవములేని ఆ తేది, ఇరు రాష్ట్రములవారు కూర్చున్న సభలో, చరిత్ర చెప్పుటకు తక్కిన మూడింటికన్న అనుకూలమైనది.

విభజన తరువాత ఉద్యోగుల పంపకము కమలనాథన్ సంఘమునకు అప్పగింపబడెను. హైదరాబాదు పదేండ్లవరకు ఉమ్మడి రాజధానిగ నుండునని చట్టము చెప్పినను, ఆంధ్రప్రదేశ్ సచివాలయము 2016లోనే వెలగపూడికి తరలెను. ఉమ్మడి గడువు 2024 జూన్ 2తో తీరినది. మద్రాసునుండి కర్నూలునకు, కర్నూలునుండి హైదరాబాదునకు, హైదరాబాదునుండి కృష్ణ ఒడ్డునకు - మూడు తరముల గుమాస్తాలు మూడు మార్లు మూటలు కట్టిన యిండ్లు కలవు. భర్త ఒక రాష్ట్రమునకును, భార్య రెండవ రాష్ట్రమునకును కేటాయింపబడగా మార్పుకై అర్జీలు పట్టుకొని తిరిగినవారును కలరు.

కర్నూలు గుడారములలో కాపురము చేసినవారు నేడు మిగుల కొద్దిమంది. నాటి పిల్లలకే ఎనుబదియేండ్లు సమీపించుచున్నవి, కొందరికి దాటినవి. 1969లో సిటీ కళాశాల వీధులలోను, 1972లో విజయవాడ వీధులలోను నడచినవారు పింఛనుదారులు. ఇట్టివారి బంధువులు ఈ సమాజపు సభ్యులలోనే యుండవచ్చును. ప్రతి రాష్ట్రావతరణ దినమునకును మరియొక ఉపన్యాసము ఏర్పాటు చేయుటకంటె, వచ్చు డిశంబరు 15 లోపల ఇరువైపుల కుటుంబములనుండియు ఆ పెద్దల జ్ఞాపకములను వ్రాయించి, మరుసటి సంచికలో ప్రక్కప్రక్కనే అచ్చు వేయించుట కార్యవర్గము ఆలోచింపదగిన విషయము. గుడారములో తడిసిన దస్త్రము, గన్ పార్కుకు తీసికొనిపోయిన పూవు, సమ్మెకాలములో ఆగిన జీతము - ఇట్టివి గెజెట్టులో దొరకవు. ముందుగ ఆ పెద్దల చిరునామాలు సేకరింపవలసియున్నది.